నింగ్‌బోకి మోసుకెళ్ళిన ఎర్ర దూది కోటు

2004 నవంబరు 22, సోమవారం. విశాఖపట్నం రైల్వే స్టేషను, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం.

హాజరైనవారు: నేను, నా భార్య సుభద్ర, ఒన్‌టౌన్ టైలరు అప్పలరాజు. వీరు కాక, అప్పలరాజు ఒళ్ళో పాత దుప్పటిలో చుట్టిన దూది కోటు ఒకటి.

"కోటుకి కూడా హాజరు వేస్తారా?" అని సుభద్ర డైరీలోకి తొంగిచూసి నవ్వింది. వేయక తప్పదు. మేము ముగ్గురం చైనా బయలుదేరింది ఆ కోటును ఒక పెద్దావిడ చేతిలో పెట్టడానికే. ఖర్చు ఎలా సర్దుకున్నామో, వీసా కోసం ఎన్నిసార్లు తిరిగామో ఇక్కడ రాయను. అవి చదివేవారికి విసుగు, నాకూ విసుగే.

బయలుదేరక ముందు

నేను పోర్టులో టాలీ గుమాస్తాగా చేరి, ఓడల్లోకి ఎక్కిన సరుకూ దిగిన సరుకూ ముప్పై నాలుగేళ్ళు రాసి రిటైరయ్యాను. 1996 డిసెంబరులో, ఇనుప ఖనిజం కోసం వచ్చిన ఒక ఓడలోని వంటమనిషి గేటు దగ్గర నిలబడి, చేతిలోని కోటు చూపిస్తూ టైలరు ఎక్కడున్నాడని వచ్చీరాని ఇంగ్లీషులో అందరినీ అడుగుతున్నాడు. పేరు చెన్. నేనే అతన్ని అప్పలరాజు షాపుకి తీసుకెళ్ళాను. నీలం గుడ్డ, లోపల దట్టంగా దూది, బొత్తాలకి బదులు గుడ్డతో పేనిన ముళ్ళు. వంటింటి మంటకి మోచెయ్యి దగ్గర కాలిపోయింది.

అప్పలరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేటి బావా, పరుపుకి సేతులెట్టి కుట్టీసినారు!" అన్నాడు.

అన్నాడే గాని, అతుకు ఎక్కడుందో తెలియనంతగా బాగుచేసి ఇచ్చాడు. ఇవ్వడానికి ముందు ఆ కోటు నమూనాను న్యూస్‌పేపరు మీద గీసి దాచుకున్నాడు. ఆ తరువాత చెన్ ఓడ విశాఖ వచ్చినప్పుడల్లా అతని మొదటి నడక ఆ షాపుకే. తెలుగులో 'బావ' అన్న ఒక్క మాట నేర్చుకుని మా ఇద్దరినీ అలాగే పిలిచేవాడు. తరువాత ఓడలు మానేసి, సొంత ఊరు నింగ్‌బోలో సేమియాల హోటలు పెట్టుకున్నాడు. మొన్న వేసవిలో ఉత్తరం వచ్చింది. నవంబరు 27న తల్లికి ఎనభై ఏళ్ళు నిండుతాయి, మీరు రావాలి అని.

కానుక ఏమిటన్నది అప్పలరాజు అప్పటికప్పుడే తేల్చేశాడు. ద్వారకా నగర్‌లో ముదురెరుపు పట్టు కొన్నాడు. లోపలికి పొందూరు ఖద్దరు. దూది పూర్ణా మార్కెట్ వైపు పరుపులు కుట్టేవాళ్ళ దగ్గరిది. గుడ్డ కత్తిరించిన సాయంత్రం నేను షాపులోనే ఉన్నాను. చెన్ కోటులో ఎడమ ముక్క కుడి ముక్క మీదుగా వచ్చి కుడి చంక కింద మూసుకుంటుంది. అది మగవాడి కోటు. "ఆడమనిషికి కదా, మన ఆడవాళ్ళ జాకెట్టులాగా ఎదురు వైపు తిప్పాలి" అన్నాను.

"అది నాకు సెప్పాలేటి బావా" అని అప్పలరాజు న్యూస్‌పేపరు నమూనాను తిరగేసి గుడ్డ మీద పరిచాడు.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "మగ నమూనా తిరగేసి ఆడ నమూనా చేయబడినది. గుర్తు చేసినది నేను." చివరి మాట కింద గీత కూడా గీసుకున్నాను.

షాంఘై, 24వ తేదీ

పెద్ద పెద్ద మేడల గురించి అందరూ రాశారు. నేను ఆ మేడల కిటికీల్లోంచి వెదురు కర్రల మీద బయటికి వేలాడుతున్న తడిబట్టల గురించి రాస్తాను. ఇరవయ్యో అంతస్తు నుంచి కూడా పంట్లాములు వీధి మీదికి కాళ్ళు జాపి ఆరుతున్నాయి. మన ఒన్‌టౌన్‌లో అలా ఆరేస్తే సాయంత్రానికి ఖనిజం దుమ్ముతో అన్నీ కావిరంగు అవుతాయి.

చలి పదిహేను డిగ్రీలట. మాకు అరకులో పుష్యమాసం గుర్తొచ్చింది. పార్కులో ముసలివాళ్ళు నాలుగు జేబుల నీలం కోట్లలో, పిల్లలు మెరిసే పట్టుకోట్లలో కనిపించారు. నిలబడే మెడ, గుడ్డ ముళ్ళు ఉన్న పాతకాలపు కోట్లు ఈమధ్య మళ్ళీ పెళ్ళిళ్ళకీ కొత్త సంవత్సరానికీ వేసుకుంటున్నారట. ఆవిరి మీద ఉడికిన బన్ను అర యువాన్, అంటే మన మూడు రూపాయల లోపే. హోటల్లో అడగకుండానే మంచినీళ్ళకి బదులు వేడినీళ్ళు తెచ్చిపెడతారు.

కార్తీక మాసం కనుక సుభద్ర నీసు ముట్టదు. ఒక హోటల్లో ఆకుకూర అని చూపించి తెప్పిస్తే, అడుగున సన్నగా తరిగిన మాంసం బయటపడింది. ఆమె ఒక్కొక్క ఆకునూ ఎత్తి వెలుతురులో చూడసాగింది.

"సెల్లమ్మా, నువ్వలాగ సూత్తంటే ఒంటోడు బెదిరిపోతన్నాడు. ఇటిచ్చీ, నాను తినీసి పుణ్యం కట్టుకుంతాను" అని అప్పలరాజు పళ్ళెం లాక్కున్నాడు. ఆమె బన్నులతో సరిపెట్టుకుంది.

అప్పలరాజుతో వీధిలో నడవడం ఒక పరీక్ష. కనబడిన ప్రతి కోటూ ఆగి చూస్తాడు. బస్‌స్టాపులో నిలబడ్డ ఒక పెద్దాయన కోటు అంచు వెనక నుంచి ఎత్తి కుట్టు చూడబోయాడు. ఆయన ఉలిక్కిపడి ఒక్క కేక పెట్టాడు. నలుగురు చుట్టూ మూగారు. నేను క్షమాపణలు చెబుతుంటే అప్పలరాజు తాపీగా జేబులోంచి టేపు తీసి మెడలో వేసుకున్నాడు. పెద్దాయన టేపును చూశాడు, అప్పలరాజును చూశాడు, పెద్దగా నవ్వాడు. తనే ముళ్ళు విప్పి లోపలి కుట్టంతా చూపించాడు. బస్సు వచ్చి వెళ్ళిపోయినా కదలలేదు.

నింగ్‌బో, 25వ తేదీ

బస్సు దిగగానే "బావా!" అని కేక. చెన్ కొంచెం లావయ్యాడు. దారిలో తమ ఓడరేవు చూపించాడు. ఎర్రటి ఖనిజం గుట్టలు చూడగానే సుభద్ర, "ఇది మన దండేల మీది దుమ్మే" అంది. అయినా అయివుండవచ్చు. నా చేత్తో లెక్క రాసి పంపిన ఖనిజం ఎక్కడ దిగుతుందో రిటైరైన ఏడేళ్ళకి చూశాను.

చెన్ ఇల్లు కాలవ పక్క సందులో ఉంది. తల్లి చిన్న మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు. కిందటి చలికాలం ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి, డాక్టర్లు కూడా ఆశ వదులుకున్నాక లేచి కూర్చుందట. ఈ పుట్టినరోజు ఇంత ఘనంగా చేయడం అందుకే. "ఈ చలికాలం గడిస్తే చాలు" అన్నాడు చెన్. ఇంకో మాట కూడా చెప్పాడు. ఆమె వయసులో ఉండగా ఇరవై ఏళ్ళకి పైగా సహకార సంఘంలో దూది కోట్లు కుట్టిందట.

అప్పలరాజు ముఖం మారింది. "ఇది ముందు సెప్పకూడదేటి? నానేదో మామూలు ముసలమ్మ అనుకున్నాను. ఇప్పుడు పరీచ్చకి కూకున్నట్టుంది బావా" అన్నాడు.

ఆ రోజు నువ్వుల ముద్ద పెట్టిన బియ్యప్పిండి ఉండలు పెట్టారు. మన పూర్ణాన్ని నూనెలో కాక నీళ్ళలో ఉడికించినట్టు ఉన్నాయి. సుభద్ర పదకొండు తిన్నది. ఉప్పులో ఊరేసిన పచ్చి పీతను అప్పలరాజు ఒక్కడే తిన్నాడు. సందులో ఎండుతున్న చేపల వాసన పీల్చి, "అచ్చం మన జాలారిపేటే" అని ప్రకటించాడు.

వూ మాస్టరు షాపు, 26వ తేదీ

నింగ్‌బో టైలర్లకి పేరుమోసిన ఊరు. చెన్ మమ్మల్ని పాతకాలపు కోట్లు కుట్టే వూ అనే ముసలి టైలరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పలరాజు కోటు మూట చంకన పెట్టుకుని వచ్చాడు. చూపించి మెప్పు పొందాలని ఆశ.

వూ మాస్టరు ఒక్కొక్క కోటూ దింపి చూపించాడు. చెన్ ఇంగ్లీషులో చెబితే నేను రాసుకున్నాను. పూర్వం అందరివీ వెడల్పు చేతుల పొడుగు వస్త్రాలు. ముందు ముక్కలు ఒకదాని మీద ఒకటి వేసి నాడాలతో కట్టుకునేవారు. తరువాత ఉత్తరాది నుంచి గుర్రాల మీద వచ్చి రాజ్యమేలిన మంచూలు బిగుతు చేతులూ, నాడాలకి బదులు గుడ్డ ముళ్ళూ తెచ్చారు. కొన్ని చేతుల చివర గుడ్డ గుర్రపు డెక్కలా వేళ్ళ మీదికి వాలి ఉంటుంది, చలికి. గుర్రమెక్కడానికి వీలుగా నడుము దాకా ఉండే పొట్టి కోటును మాగ్వా అంటారు. మొదట సిపాయిలు వేసుకునేది కాస్తా, పొడుగు అంగీ మీద పెద్దమనుషులు వేసుకునేది అయింది, మన పెద్దలు పంచె మీద కోటు తొడిగినట్టు. పేదవాళ్ళకి మాత్రం ఎప్పుడూ దూది కోటే. రాజులు పోయాక నాలుగు జేబుల కోటు వచ్చింది. కోటు మూసుకోవడంలో రెండు రకాలు. ఒకటి నట్టనడుమ తెరుచుకునేది, దుయిజిన్. రెండోది మెడ దగ్గర నుంచి ఏటవాలుగా వచ్చి చంక కింద మూసుకునేది, దాజిన్.

"మనది రెండో రకం" అని అప్పలరాజు మూట విప్పాడు.

వూ మాస్టరు మెడ తడిమి తల ఊపాడు. చేతుల కుట్టు చూసి బొటనవేలు ఎత్తాడు. తరువాత కోటును బల్ల మీద పరిచి, ముళ్ళు ఎడమ చంక వైపు ఉండటం చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెన్‌తో గొంతు తగ్గించి ఏదో అడిగాడు. చెన్ ముఖంలో నవ్వు పోయింది.

విషయం ఇది. ఆడ గాని మగ గాని, రాజు గాని కూలీ గాని, బతికున్నవాళ్ళ కోటు ఎడమ ముక్క పైకి వచ్చి కుడి చంక కిందే మూసుకోవాలి. ఎడమ వైపు మూసుకునే బట్టలు ఒక్కరికే తొడుగుతారు. చనిపోయినవారికి.

ముందుగా అన్నది సుభద్రే. "చావు తప్పి లేచిన మనిషికి, పుట్టినరోజు నాడు, పాడె మీద బట్టలు పట్టుకొచ్చామా!"

అప్పలరాజు స్టూలు మీద కూలబడ్డాడు. నేను దాచదలచుకోలేదు. "తిప్పమన్నది నేనే. డైరీలో కూడా ఉంది" అన్నాను.

"నోటితో ఎవులైనా సెప్తారు బావా. కత్తెర నా సేతిలో ఉంది" అన్నాడు.

చెన్ మా ఇద్దరి భుజాలూ తట్టాడు. బజారులో మంచి శాలువా దొరుకుతుంది, అది ఇచ్చేద్దాం, ఈ కోటు సంగతి అమ్మకి చెప్పనే వద్దు అన్నాడు. తెలివైన మాటే. కాని అప్పలరాజు వినలేదు.

"శాలువా ఎవులైనా ఇత్తారు. ఈ సలికి ఆ ముసలమ్మ నా కోటేసుకోవాల. దానికోసం సముద్రం దాటొచ్చినాను. ఉత్త సేతులతో ఎల్లి ఆయమ్మ ముందల ఎలాగ నిలబడతాను?"

వూ మాస్టరుకి ఇది ఎవరూ అనువదించలేదు. ఆయన ఒక కాగితం వెనక బొమ్మ గీసి బల్ల మీద తోశాడు. ఏటవాలు తెరుపు కుట్టి మూసేసినట్టు, నట్టనడుమ పై నుంచి కిందికి ఒకే గీత.

అప్పలరాజు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "పక్క తలుపు కుట్టీసి, నడిమధ్య కొత్త తలుపు తియ్యమంతన్నాడు" అని మాకు చెప్పాడు. తరువాత, "అలాగైతే ఏ పక్కా కాదు. గొడవ లేదు" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

వూ మాస్టరు కత్తెర తీశాడు. అప్పలరాజు గభాలున లేచి కోటుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఒన్‌టౌన్‌లో అందరికీ తెలిసిన సంగతి, అప్పలరాజు కత్తిరించిన గుడ్డ మీద సొంత తమ్ముడు కూడా కత్తెర పెట్టకూడదు, సూది దింపకూడదు. వూ మాస్టరు ఏమీ అనుకోలేదు. కత్తెర తిప్పి, పిడి వైపు అతనికి అందించి, తను గుడ్డ రెండో కొస పట్టుకున్నాడు.

పూర్తయిన పట్టుకోటును నడిమికి కోయడం చూడలేక నేను వీధిలోకి చూశాను. తెగిన అంచుల్లోంచి దూది ఉబికి వచ్చింది. సుభద్ర రెండు అరచేతులూ అడ్డం పెట్టి అణిచింది. ఆ తరువాత ఇద్దరు టైలర్లకీ నాతో గాని చెన్‌తో గాని పని లేకపోయింది. ఒకరు సుద్దతో గీస్తే రెండోవారు తల అడ్డంగా ఊపుతారు, చెరిపి మళ్ళీ గీస్తారు. అప్పలరాజు తెలుగులోనే తిడుతున్నాడు, వూ మాస్టరు తన భాషలో బదులు చెబుతున్నాడు. ఎడమ రొమ్ము మీద మూసిన కుట్టు కనబడకుండా నల్లటి పైపింగు వేశారు. జతగా ఉండాలని కుడి వైపూ అలాంటిదే వేశారు. నడుమ ఐదు ముళ్ళు వూ మాస్టరు పేనాడు. ఒక్క చోటే చిక్కు వచ్చింది. ఎడమ చంక దగ్గర దూది మందం వల్ల మిషను నడవలేదు. అప్పలరాజు చేత్తోనే మూశాడు, చెన్ గబగబా కానిమ్మంటుంటే. "ఇక్కడ టాకాలు ఏసినట్టొచ్చింది బావా. ఎలుతురుంటే ఇప్పీసి మల్లా కుడుదును" అని దారి పొడుగునా గొణిగాడు. వూ మాస్టరు పైకం పుచ్చుకోలేదు. అప్పలరాజు టేపు తీసుకుని తన టేపు ఇచ్చాడు.

పుట్టినరోజు, 27వ తేదీ

చెన్ హోటల్లో నాలుగు బల్లల నిండా చుట్టాలు. పీచు పండు ఆకారంలో గులాబీ రంగు బన్నులు, గిన్నె నిండా సేమియా. పుట్టినరోజు సేమియాను కొరికి తెంపకూడదట, ఆయుష్షు తెగుతుందని. ఒక్కొక్క పోగు మూరెడు పొడుగు. నేను మధ్యలో దగ్గి తెంపేశాను. పక్కనున్న పిల్లలు పడీపడీ నవ్వారు. సుభద్రకి విడిగా పుట్టగొడుగులతో వండిపెట్టారు.

అప్పలరాజు లేచి, కాగితంలో చుట్టిన కోటును రెండు చేతులా అందించాడు. పెద్దావిడ రెండు చేతులా అందుకుంది, బరువు చూసుకుంది, నవ్వింది. మిగిలిన కానుకలతో పాటు గోడవార బల్ల మీద పెట్టేసింది.

"ఇప్పదేటి బావా?" అని అప్పలరాజు నా చెవిలో అడిగాడు.

ఇచ్చినవాళ్ళ ఎదుట విప్పడం ఇక్కడ మర్యాద కాదట, ఆత్రపడినట్టు ఉంటుందని చెన్ చెప్పాడు. మన పెళ్ళిళ్ళలో చదివింపులు మైకులో చదువుతారని, ఎవరు ఏమిచ్చారో వీధి చివరికి కూడా వినబడుతుందని సుభద్ర చెబితే చెన్ నమ్మలేదు.

"మన పద్దతే నయం. అటో ఇటో అప్పుడే తేలిపోద్ది" అన్నాడు అప్పలరాజు. అతనికిష్టమైన పీత ఎదురుగా ఉన్నా ముట్టుకోలేదు. ఇల్లు చేరాక, తలుపు వేసి ఉన్న ఆమె గది వైపు చూస్తూ, "ఆ సేతులు ఇరవయ్యేల్లు ఇయే కోట్లు కుట్టినాయి బావా" అన్నాడు.

మర్నాడు ఉదయం

28, ఆదివారం. మా బస్సు పదిన్నరకి. తొమ్మిదింటికి వంటింట్లో జావ తాగుతున్నాం. పెద్దావిడ కోటు తొడుక్కుని వచ్చింది. ముదురెరుపు ఆమె తెల్ల జుట్టుకి బాగా నప్పింది. చేతులు సరిగ్గా మణికట్టు దాకా ఉన్నాయి. అప్పలరాజు గిన్నె కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

ఆమె నేరుగా అతని దగ్గరికి వచ్చి, ఎడమ చెయ్యి ఎత్తి, చంక దగ్గర కుట్టు మీద వేలు పెట్టి ఏదో అంది. చెన్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అమ్మ అడుగుతోంది" అన్నాడు నాతో, "ముందు తలుపు ఇటువైపు ఉండేదా అని. బావా, నేను చెప్పలేదు. ఒట్టు."

నేను తెలుగులో చెప్పాను. అప్పలరాజు చేతులు జోడించి, అవునన్నట్టు తల ఊపాడు.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, చెన్ వేడినీళ్ళు అందించాడు. గుక్క తాగి, కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్క మాటే చెప్పింది. చెన్ చెబుతుంటే నేను చెప్పాను. అటువైపు మూసుకునే బట్టలు ఆమె డెబ్బయ్యో ఏటనే తన చేత్తో కుట్టుకుని పెట్టెలో పెట్టుకుందట. ఇక్కడి పెద్దవాళ్ళు చాలామంది అంతే, ముందే కుట్టి పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని. "అవి నాకు ఉన్నాయి. ఇంకొకటి ఇచ్చినా పుచ్చుకునేదాన్ని కాదు, నా కుట్టే బాగుంటుంది. లేనిది ఈ చలికి కోటే." తరువాత టైలరుగా తీర్పు చెప్పింది: కత్తిరింపు మంచిది, మెడ మంచిది, ఈ ఒక్క కుట్టు బాగోలేదు.

"నిజమే సెప్పింది" అన్నాడు అప్పలరాజు.

ఆమె కోటు విప్పి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఆ చంక దగ్గర నాలుగంగుళాల కుట్టు విప్పేసింది. నేను అప్పలరాజు వైపు చూశాను. అతను కదలలేదు. ఆమె సూదిని వెలుతురుకి ఎత్తి రెండుసార్లు ప్రయత్నించింది, కన్ను ఆనలేదు. సూదీ దారమూ అతని వైపు చాపింది.

అప్పలరాజు వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, దారం ఎక్కించి ఇచ్చాడు. ఆమె కుడుతుంటే దూది లోపలికి ఒత్తి పట్టుకున్నాడు. దారం అయిపోయినప్పుడల్లా మళ్ళీ ఎక్కించాడు. మూడుసార్లు.

"సూసేవా బావా," అన్నాడు తల తిప్పకుండానే, "నాకన్నా సన్నం."

పది గంటల ఐదు నిమిషాలకి ఆమె ఆఖరి ముడి వేసి, దారం పళ్ళతో తెంపింది. కోటు తొడుక్కుని, ఐదు ముళ్ళూ కింద నుంచి పైదాకా పెట్టుకుని, మమ్మల్ని బస్సు ఎక్కించడానికి అందరికన్నా ముందు చలిలోకి నడిచింది.